ఇంటికొక చెయ్యి

నిరుడు వైశాఖంలో మా వీధికి ఎలుగుబంటి వచ్చింది. వచ్చింది, తిన్నది, పోయింది. దాని పని అంతే. మా పని మాత్రం ఆ ఉదయం మొదలై వానలు పడేదాకా సాగింది. అందులో ఏది ఎందుకు చేశామో ఇప్పుడు అడిగినా సరిగా చెప్పలేను.

మాది కొరాపుట్ ఊరి చివర, గుట్ట కింద కాలనీ. రైల్వేలోనో ఫ్యాక్టరీలోనో పనిచేస్తూ స్థలాలు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నవాళ్లం. సగం తెలుగు, సగం ఒడియా. ఒడియావాళ్లకు పనస లేని వేసవి లేదు, శ్రీకాకుళం వాళ్లకు పనస లేని పెళ్లి లేదు. అందుకని చాలా పెరళ్లలో పనసచెట్టు ఉంది. మా అత్త సింహాచలమ్మ పుట్టిల్లు ఉద్దానం కాబట్టి ఆవిడకు పనస లేనిదే అసలు ఏదీ లేదు. మా పెరట్లో చెట్టు ఆవిడ పుట్టింటి నుంచి మొక్కగా తెచ్చి నాటుకున్నదే. పొద్దున్న లేచి దాని మొదలు చూశాకే మా మొహాలు చూసేది.

నాకు ఆ చెట్టంటే పడేది కాదు. ఊడ్చిన గంటకే మళ్లీ ఆకులు. కాయ కోస్తే చేతులకు ఒక పట్టాన వదలని పాలు. పండితే ఈగలు. ఏటా ఏదో ఒక పూట ఆ చెట్టు మీద మా ఇద్దరికీ పేచీ రావలసిందే, నేను ఓడిపోవలసిందే.

ఆ ఉదయం నేను ముగ్గు వేద్దామని లేచి, ముందు పెరటి తలుపు తీశాను. వెదురు తడిక నేలమీద పడి ఉంది. చెట్టు కింద ఒక పండు చీలికలై ఉంది, చుట్టూ గింజలు. చెట్టు మాను మీద నా చెయ్యంత పొడుగున గోళ్ల గీతలు. అత్త నా వెనక నుంచి తొంగి చూసి, "ఓలమ్మ! ఎలుగొచ్చి ఎల్లిందేటి!" అంది. ఆ గొంతులో భయం మచ్చుకైనా లేదు. పుట్టింటి చుట్టం గుమ్మం దాకా వచ్చి పలకరించకుండా పోయినట్టు బాధపడింది.

"చుట్టుపక్కల పిల్లలు తిరుగుతారత్తా. రేపు మనిషి మీద పడితే ఏటి సేస్తాం?"

"పండు తినీసి పోద్ది. మనుసుల్తో దానికేటి పని?"

"ఈ సెట్టు కొట్టించీద్దాం."

ఆవిడ నా వైపు తిరిగింది. "సెట్టు కొట్టిన నాడు నాను గుణుపురం ఎల్లిపోతాను. మా పెవీన ఇంటికాడే ఉంటాను. మరి ఈ గుమ్మం తొక్కను."

ప్రవీణ మా ఆడపడుచు. గుణుపురంలో వాళ్లకు పొలాలున్నాయి. అత్త మాట వరసకు అనే మనిషి కాదు. ఒకసారి మామగారితో మాట పట్టింపు వచ్చి అలాగే వెళ్లిపోయి, ఆయన స్వయంగా వెళ్లి పిలిచేదాకా రాలేదు. ఇప్పుడు పిలవడానికి ఆయన లేరు. రోజూ పోట్లాడుకునే మనిషి ఇంట్లోంచి పోతే హాయిగా ఉండాలి కదా. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడలేదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాకు బిడ్డ దక్కకుండా పోయిన ఏడు, నెలల తరబడి నా నోట్లో ముద్ద పెట్టింది ఈవిడే. ఇంకెప్పుడూ చెట్టు కొట్టమనకూడదని అప్పుడే అనుకున్నాను.

అయితే ఎలుగు మా ఒక్క ఇంటికే రాలేదు. ఆ వారంలోనే రాజులమ్మ గారి పెరటికీ, ఇంకో రెండిళ్లకూ వెళ్లింది. దాంతో కాలనీ సంఘం హాల్లో మీటింగు పెట్టారు.

మా సంఘంలో ఇంటికొక చెయ్యి అని నియమం. ఇంట్లో ఎంతమంది ఉన్నా ఎత్తేది ఒక్క చెయ్యే, అది ఇంట్లో పెద్దవాళ్లది. మా ఆయన ఈశ్వరప్రసాద్ సంఘానికి కార్యదర్శి. చేతులు లెక్కపెట్టేవాడు చెయ్యి ఎత్తకూడదు. కాబట్టి మా ఇంటి చెయ్యి ఎప్పుడూ అత్తదే. నేను వెనక బెంచీ దగ్గర టీ పోస్తూ ఉండేదాన్ని. అధ్యక్షుడు ధనుంజయ్ బాబు రిటైరైన ఒడియా మాస్టారు. మా అందరి మధ్యా ఉండి తెలుగు నేర్చుకున్నాడు, వరసగా పని జరగాలనే మనిషి.

"శుణంతు, శుణంతు! భాలు విషయం రెండోది. ముందు డ్రైను," అన్నాడు ఆయన. వినండి అనడానికి శుణంతు, ఎలుగుకు భాలు, ఆ రెండూ ఆయన నోట ఒడియాలోనే వచ్చేవి.

"డ్రైను మనుసుల్ని పీకదండీ," అన్నాడు కన్నారావు. ఆయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, ఇప్పటికీ మిషన్ల పక్కన నిలబడ్డట్టే గట్టిగా మాట్లాడతాడు. "పనస వాసనకి దిగుతంది అది. పనస నేకపోతే రాదు. సెట్లన్నీ కొట్టీండి. నా సెట్టుతోనే మొదలెట్టండి."

"ఎలకలున్నాయని ఇల్లు తగలెట్టుకుంటావేటి కన్నారావూ?" అంది అత్త.

"కొండ మీద మామిడి నేదు, ఇప్ప నేదు, అన్నీ నరికీసేరు," అంది రాజులమ్మ. "అదెక్కడికెల్తాది? దానికీ కడుపుంది గదా."

"కడుపుంటే మా పిల్లల మీద పడాలేటి?" అని ఇంకెవరో. అటవీశాఖకు చెబుదామని ఒకరు, చెబితే వాళ్లు కాయలు తొందరగా దించెయ్యమన్నారని ఒకరు, దీపాలు పెడదామని ఒకరు, ఎలుగు దీపానికి భయపడదని ఒకరు. ఎవరు మాట్లాడితే వాళ్లదే నిజమనిపించడం నాకున్న జబ్బు. టీ పోస్తూ పోస్తూ అందరి మాటకూ తలాడించాను.

మా ఆయన పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెట్లు కొట్టమంటే తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది, వద్దంటే కాలనీ మీద పడుతుంది. చివరికి లేచి గొంతు సవరించుకున్నాడు.

"చెట్లుంచుదాం. కాయలన్నీ ఒకేసారి దించీద్దాం. రాయగడ వ్యాపారి ఒకాయన లారీ తెచ్చి మొత్తం కొంటానన్నాడు. లారీ వచ్చేవరకూ ఈ హాల్లోనే పెట్టి తాళం వేద్దాం. అప్పటికీ ఎలుగు వస్తే చెట్ల సంగతి మళ్లీ మాట్లాడుకుందాం."

ఒక్క చెయ్యి కూడా కింద లేదు. కన్నారావు ఎత్తాడు, రాజులమ్మ ఎత్తింది, అత్త అందరికంటే ముందు ఎత్తింది. మా కాలనీలో అందరూ ఒక మాట మీద నిలబడటం నేను అదే చూడటం. "భాలు విషయం సమాప్త," అన్నాడు ధనుంజయ్ బాబు.

కాయలు దించడం ఒక పండగలా సాగింది. ముదురువన్నీ హాలుకు చేరాయి, లేతవి వంటిళ్లకు. అత్త చేతులకు నూనె రాసుకుని, గుమ్మంలో కత్తిపీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్లకల్లా పొట్టు కొట్టి ఇచ్చింది. మా ఇంట్లో ఆవ పెట్టిన పనసపొట్టు, ధనుంజయ్ బాబు ఇంట్లో పనస తర్కారి, రాజులమ్మ ఇంట్లో పనస బిరియానీ. ఒకరింటి గిన్నె ఇంకొకరింటికి పోయి, అక్కడి పనసతో నిండి తిరిగి వచ్చేది. నాలుగో పూటకి గిన్నె పట్టుకుని ఎవరైనా వస్తుంటే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టాం. హాల్లో మాత్రం కాయలు కిటికీల ఎత్తుకు పేర్చి ఉన్నాయి. ముందు తలుపుకు మా ఆయన పెద్ద తాళం వేశాడు. వెనక తలుపును చెదలు తినేశాయి. దాన్ని బాగుచేయించాలని అంతకుముందు ఏడాది నుంచీ ప్రతి మీటింగులోనూ అనుకుంటున్నాం.

లారీ రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది. మా ఆయన ఫోను చేస్తూనే ఉన్నాడు.

ఇక్కడే నాకు అర్థం కాని సంగతి ఒకటి ఉంది. ముదిరిన పనసకాయను కోసి ఇంట్లో పెడితే పండుతుందని తెలియని మనిషి మా కాలనీలో ఒక్కరూ లేరు. సంతలో పచ్చికాయ కొని, గోనెసంచి కప్పి మగ్గబెట్టుకునేవాళ్లమే అందరం. మా అత్త ఆ చెట్ల కిందే పుట్టి పెరిగింది. అయినా అంతమందిలో ఒక్కరం కూడా ఆ మాట అనలేదు. నలుగురితో నారాయణా అని చేతులెత్తేశాం. ఒంటరిగా ఉన్నప్పుడు తెలిసిన సంగతి పదిమందిలో ఎలా మరిచిపోతామో, ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతుచిక్కదు.

వాసన మొదలైంది. మొదట సన్నగా, తర్వాత వీధి మొత్తం. ఒక సాయంత్రం అత్త అరుగు మీద కూర్చుని ముక్కు ఎగరేసింది.

"పండుతున్నాయేటో అమ్మీ."

"తాళం వేసుంది కదత్తా," అన్నాను.

"అవును గదా," అంది ఆవిడ. ఇద్దరం తృప్తిగా లోపలికి వెళ్లి పడుకున్నాం.

ఆ ఆదివారం ఉదయం మీటింగు. కాయలు దించాక ఎలుగు ఏ పెరటికీ రాలేదు కాబట్టి అందరూ ఉషారుగా ఉన్నారు. ధనుంజయ్ బాబు సంఘాన్ని అభినందిస్తూ రెండు ముక్కలు కూడా రాసుకొచ్చాడు. హాలు బయట అందరం నిలబడి ఉన్నాం. నేను టీ ఫ్లాస్కుతో మెట్ల కింద ఉన్నాను. మా ఆయన తాళం తీసి తలుపు నెట్టాడు. లోపల చీకటి, ముక్కు పగిలే తీపి వాసన. ఒక కుర్చీ పడ్డ చప్పుడు. "ఎవరది?" అన్నాడు మా ఆయన, ఎవరో కాలనీ మనిషిని అడిగినట్టు.

ఎలుగు వెనక తలుపులోంచి దూరి, రాత్రంతా తిని లోపలే నిద్రపోయిందట. దాని భయం దానిది. వెలుగు కనిపించిన వైపు పరుగెత్తింది, ఆ వెలుగులో మా ఆయన నిలబడి ఉన్నాడు. నేను సరిగా చూడలేదు. నల్లటిది ఏదో నా పక్క నుంచి పోయింది. ఆ తర్వాత మా ఆయన మెట్ల మీద కూర్చుని, తన చొక్కా చెయ్యి ఎర్రగా ఎందుకైందా అని దానివైపే చూస్తున్నాడు.

భుజం నుంచి మోచేతి దాకా కుట్లు పడ్డాయి. నరం తెగలేదు, అదృష్టం అన్నారు మెడికల్ కాలేజీలో డాక్టరు. అత్త వార్డు గుమ్మం దగ్గర నేల మీద కూర్చుంది. బెంచీ మీదికి రమ్మంటే రాలేదు, టీ ఇస్తే తాగలేదు. నన్ను చూసి ఏమైనా అంటుందేమోనని చూశాను. "నీ మాట ఇంటే ఇంత జరక్కపోను" అనైనా అంటే బాగుండేది.

ఇంటికొచ్చాక కూడా అంతే. పొద్దున్నే లేచి కొడుకు మంచం దగ్గరికి వెళ్లి కట్టు చూసేది. పెరటి వైపు వెళ్లడమే మానేసింది. సంఘం ఈసారి చెట్లు కొట్టమంటుంది, అది ఖాయం. కొట్టిన రోజు ఈవిడ వెళ్లిపోతుంది. కొట్టకపోతే రేపు ఎలుగు మళ్లీ వస్తే? కుట్లు చూసినప్పుడు చెట్టు పోవాలనిపించేది. మంచం పక్కన కూర్చున్న అత్తను చూసినప్పుడు ఉండాలనిపించేది. గంటకొక రకంగా ఉండేది నా బుద్ధి.

"మీరేటంటారు?" అని మా ఆయన్ని అడిగాను, అన్నం కలిపి పెడుతూ.

"నాకేటీ తెలీడం నేదు శాంతీ," అన్నాడు. "నేను చెప్పిన ఉపాయమే కదా ఇంత చేసింది. ఇంక నన్నడక్కు."

తర్వాతి మీటింగు వీధిలోనే కుర్చీలు వేసి పెట్టారు. హాలు కడిగినా వాసన పోలేదు. తప్పు ఎవరిదన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే అందరి చేతులూ బయటికొస్తాయి. ధనుంజయ్ బాబు నిలబడి, కాగితం లేకుండా మాట్లాడాడు.

"ఒకరి పెరట్లో చెట్టు సంఘం కొట్టకూడదు. అది న్యాయం కాదు. చెట్టున్న ఇంటివాళ్లే చెప్పాలి. ఇంటికొక చెయ్యి. నేను ఒక్కో ఇల్లు అడుగుతాను."

కన్నారావు కొట్టమన్నాడు, ఈసారి గొంతు తగ్గించి. రాజులమ్మ, "మనవలున్నారు బాబూ" అని కళ్లు తుడుచుకుంటూ కొట్టమంది. మిగతా ఇళ్లూ అదే మాట. ఆఖరికి మా ఇల్లు వచ్చింది.

"సింహాచలమ్మ గారూ, మీ చెట్టు? కొట్టమంటే చెయ్యెత్తండి."

అత్త చెయ్యి ఎత్తింది.

ఆవిడ ఎవరి వైపూ చూడకుండా, చెయ్యి నిటారుగా పెట్టి కూర్చుంది. చెట్టు కొట్టిన నాడు వెళ్లిపోతానన్న మనిషి చెట్టు కొట్టమంటోంది. అంటే వెళ్లిపోవడానికి మనసులో సంచి సర్దేసుకుందన్నమాట. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నేనేం చేస్తున్నానో తెలిసేలోపు టీ కెటిల్ బెంచీ మీద పెట్టేశాను.

"ఉంచమనేవాళ్లు?" అని ధనుంజయ్ బాబు మర్యాద కోసం అడిగాడు.

నేను చెయ్యి ఎత్తాను.

"ఇది ఎలా?" అన్నాడు ఆయన, కళ్లజోడు సర్దుకుని. "ఒక ఇంటికి రెండు చేతులు కుదరదమ్మా. ఈశ్వర్ బాబూ, మీ ఇంటి చెయ్యి ఏది?"

మా ఆయన మెడకు వేలాడదీసిన చేత్తో నిలబడి, అమ్మ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. "నన్నడక్కండి సార్. చేతులు లెక్కపెట్టడం వరకే నా పని," అన్నాడు. ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

అత్త తల తిప్పి నన్ను చూసింది. "దించు అమ్మీ," అంది మెల్లగా.

"దించను."

"ఆడి సెయ్యి సూడనేదా?"

"సూసేను."

"మరి?"

మీరెళ్లిపోతారని నాకు భయం అని అంతమందిలో ఎలా చెప్పను? చెయ్యి మాత్రం అలాగే ఉంచాను. ఆవిడ దాన్నే చూస్తూ తన చెయ్యి దించి ఒళ్లో పెట్టుకుంది.

"దాని సెయ్యే లెక్కెట్టుకోండి బాబూ. ఇకమీదట అదే," అని పైట సర్దుకుంది.

"ఠిక్ అచ్ఛి, సరే," అన్నాడు ధనుంజయ్ బాబు. ఆ తర్వాత హాలు వెనక తలుపు సంగతి ఎత్తాడు. అది మాత్రం ఆ వారంలోనే బాగుచేయించారు.

కాలనీలో మిగతా చెట్లు పడిపోయాయి. రంపం చప్పుడు రెండు మూడు రోజులు వినిపించింది. మా చెట్టు ఒక్కటే మిగిలింది. ఇక దాని కాయలు ముదరనివ్వకూడదని మా ఆయన దగ్గర నేనే మాట తీసుకున్నాను. ఎలుగు మళ్లీ రాలేదు. చెట్లు పోయినందుకో, హాలు దగ్గర మమ్మల్నందరినీ చూసి జడుసుకున్నందుకో ఎవరికి తెలుసు? నేను చేసింది మంచిపనో పిచ్చిపనో తేల్చుకోలేక, వీధిలో పిల్లలు ఆడుకుంటుంటే ఇప్పటికీ గేటు దాకా వెళ్లి చూసొస్తాను.

అత్త వెళ్లిపోలేదు. నాకు అంతకంటే కావలసిందేముంది? నాలుగు రోజులు నేల మీద కాళ్లు ఆనలేదు. ఆ తర్వాత ఇంట్లో ఏదో తేడా కనిపించసాగింది. "ఏటి కూర వండమంటావు?" అని ఆవిడ నన్నడిగింది. పాలవాడికి ఏం చెప్పాలో నన్నడగమంది. చీటికీ మాటికీ నాతో పేచీకి దిగే మనిషి, నేను అన్నంలో ఉప్పు మరిచిపోయినా ఊరుకుంది. కోపమొచ్చిందేమోనని మొహం చూస్తే కోపం లేదు. అలిగిందేమో అనుకుంటే నవ్వుతూనే మాట్లాడుతోంది. నాకు మాత్రం చెయ్యి ఎత్తిన రోజు కంటే ఇప్పుడే ఎక్కువ తికమకగా ఉంది.

వానలు పట్టాయి. జల్లు తెరిపిచ్చిన ఒక ఉదయం నేను వంటింట్లో ఉండగా గుమ్మంలో వచ్చి నిలబడింది. కొత్తగా ఉతికిన చీర కట్టుకుంది. చేతిలో చిన్న సంచి.

"పెవీన రమ్మంటంది. నాట్లకి మనుసులు సాలనేదట. పిల్లల్ని సూసుకోడానికి ఒక మనిసుంటే బాగుణ్ణంటంది. ఎల్లి రానా అమ్మీ?"

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. మా ఇంట్లో ఆవిడ ఎవర్నీ ఏదీ అడగ్గా నేను చూడలేదు. మామగారినైనా సరే, ఎల్తన్నాను అని చెప్పి వెళ్లేదే తప్ప అడిగేది కాదు. వద్దు అని నోటిదాకా వచ్చింది. అంటే ఆగిపోతుంది. నా మాట మీద నిజంగానే ఆగిపోతుందని తెలిసేసరికి నాకు భయమేసింది.

"ఎల్లి రండత్తా," అన్నాను. ఆవిడ వెనకే గుమ్మం దాకా వచ్చాను. "మళ్లీ ఎప్పుడొస్తారు?"

ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ నా మొహంలోకి చూసింది.

"నువ్వెప్పుడు రమ్మంటే అప్పుడొస్తాను," అంది.